పేరు దాచి ఊరు చెప్పే వార్తలు

గత వేసవిలో ఒడిశాలోని గంజాం జిల్లా సరిహద్దు గ్రామాలకు చెందిన ఇద్దరు యువతులు ఇల్లు విడిచి వెళ్ళారనీ, కొన్నాళ్ళకు విశాఖపట్నంలో పోలీసులకు దొరికారనీ మా బరంపురానికి వచ్చే ఒక తెలుగు పత్రికలోనూ, ఒక ఒడియా పత్రికలోనూ ఒకే రోజు చదివాను. ఇద్దరికీ మైనారిటీ తీరింది. కలిసి బతకాలనుకున్నారు. ఒడియా పత్రిక నాలుగు వాక్యాలతో సరిపెట్టింది. తెలుగు పత్రిక వాళ్ళ పేర్లు రాయలేదు, ఫోటోలో ముఖాలు కనబడకుండా చేసింది. కాని ఒకామె తండ్రి రైసు మిల్లులో గుమాస్తా అనీ, అన్న సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడనీ, ఇల్లు ఫలానా గుడి వెనక వీధిలో ఉందనీ రాసింది. రెండో ఆమెకు మరుసటి నెలలో నిశ్చితార్థం జరగవలసి ఉందని రాసి, పెళ్ళికొడుకు ఇచ్ఛాపురంలో ఏ వ్యాపారం చేస్తాడో కూడా చెప్పింది. ఆ వార్త వచ్చాక ఆ రెండు ఊళ్ళలో వాళ్ళెవరో తెలియనివారు ఒక్కరైనా మిగిలి ఉంటారని నేను అనుకోను.

రాసిన విలేకరి నియమం తప్పానని అనుకొని ఉండడు. పేరు రాయకూడదని డెస్కు (పత్రికాఫీసులో వార్తలు సరిదిద్దే విభాగం) చెప్పింది, అతను రాయలేదు. నన్ను అప్పటినుంచీ వేధిస్తున్నది ఇదే. ఎల్జీబీటీఐ (స్వలింగ, ద్విలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్ వ్యక్తుల) సమూహాల గురించి పత్రికలు, ఛానళ్ళు ఎలా మెలగాలన్న చర్చ జరిగినప్పుడల్లా అది ఏ మాట వాడాలి, ఏ మాట వాడరాదు అన్న దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఆ చర్చకు ఫలితం లేకపోలేదు. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ చొరవ వల్ల తమిళనాడు ప్రభుత్వం 2022లో ఒక పదకోశాన్నే గెజిట్‌లో అచ్చువేసింది. అలాంటిది తెలుగులోనూ రావాలి. అయితే పైన చెప్పిన వార్తలో అవమానకరమైన మాట ఒక్కటీ లేదు. ప్రతి వాక్యమూ మర్యాదగానే ఉంది. అయినా దాని వల్ల ఇద్దరు మనుషులకు సొంత ఊళ్ళో తలదాచుకునే చోటు లేకుండా పోయింది. కనుక మనం మార్చుకోవలసింది ముందుగా వార్తను సేకరించే పద్ధతిని, అందులోనూ జిల్లా పేజీలకు వార్తలు అందే పద్ధతిని అని నా అభిప్రాయం. ఢిల్లీ, హైదరాబాదు డెస్కులకు సరిపోయే నియమాలు మా వంటి ఊళ్ళకు సరిపోవు.

చిన్న ఊరికి తగిన కొలత

నగరంలో పేరు తీసేస్తే మనిషి గుంపులో కలిసిపోతాడు. పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, బరంపురం పాత వీధుల్లోనో అలా జరగదు. ఇక్కడ మనిషిని ఇంటిపేరుతో, వీధితో, తండ్రి చేసే పనితో గుర్తిస్తారు. ఒడియా ఇరుగుపొరుగు అయితే సాహి, అంటే వాడ, పేరుతో గుర్తిస్తారు. వయసు, వృత్తి, వీధి అనే మూడు వివరాలు ఒకచోట పడితే పేరు రాసినా రాయకపోయినా ఒకటే.

మన చట్టానికి ఈ సంగతి తెలియనిది కాదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ పిల్లల పేరు, చిరునామా, ఫోటోలతో ఆగకుండా కుటుంబ వివరాలు, చదివే బడి, ఉండే పరిసరాలు, చివరికి గుర్తింపుకు దారితీసే మరే వివరమైనా మాధ్యమాలు బయటపెట్టరాదని చెప్పింది. లైంగిక దాడి బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు బాధితులను దూరంనుంచైనా గుర్తుపట్టే వీలు కల్పించే సమాచారం ప్రచురించరాదని చెప్పింది. పరిసరాలు అన్న మాటను చట్టంలో చేర్చినవారికి చిన్న ఊరు ఎలా ఉంటుందో బాగా తెలిసి ఉండాలి.

పై ఇద్దరు యువతులకు మాత్రం ఈ రక్షణలేవీ వర్తించవు. వాళ్ళు నేర బాధితులు కారు, పిల్లలూ కారు. ఇష్టపడి కలిసి వెళ్ళిన వయోజనులు. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక వాళ్ళ ప్రేమ నేరం కాదు. లైంగిక ప్రవృత్తి వ్యక్తిగత గోప్యతలో విడదీయరాని భాగమని అంతకు ఏడాది ముందే పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. హక్కు ఉంది కాని, దాన్ని జిల్లా పేజీలో అమలు చేయించే సెక్షన్ లేదు. ఆ ఖాళీని పత్రికలు తామే పూరించుకోవాలి. అందుకు కొత్త కొలత వెతకనవసరం లేదు. పిల్లల విషయంలో చట్టం పెట్టిన కొలతనే, లైంగికత కారణంగానో జెండర్ కారణంగానో వార్తలోకి వచ్చిన వయోజనులకూ స్వచ్ఛందంగా పాటిస్తే చాలు. ఇది వాళ్ళను పిల్లలుగా చూడడం కాదు. ఊళ్ళో వాళ్ళకు ఎదురయ్యే ప్రమాదం అదే జాతిది కావడం వల్ల నేను ఆ కొలతను అడుగుతున్నాను.

పోలీసు రికార్డు బహిరంగ పత్రమే కదా, దాన్ని దాచడానికి మేమెవరం అని ఒక పాత్రికేయ మిత్రుడు అడిగారు. ఎఫ్ఐఆర్‌లను వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించిన మాట నిజమే. అదే తీర్పు సున్నితమైన కేసులను మినహాయించింది. అదీకాక, ఠాణాకు వెళ్ళి అడిగితే దొరికే కాగితం వేరు, టీ కొట్టు బల్ల మీద పరిచి ఉండే పేజీ వేరు. దొరికే సమాచారమంతా అచ్చువేయాలన్న నిర్బంధం ఏ పత్రికా పెట్టుకోలేదు. ప్రకటనదారుల కుటుంబ తగాదాల విషయంలో ఈ విచక్షణ చక్కగా పనిచేస్తూ ఉండడం మనమంతా చూస్తున్నదే.

“కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు”

ఆ తెలుగు వార్త చివరి వాక్యం ఇది. ఇలాంటి వార్తలన్నిటికీ దాదాపు ఇదే చివరి వాక్యం. చదివేవాళ్ళకు కథ సుఖాంతమైనట్టు ఉంటుంది. కాని మైనారిటీ తీరిన స్త్రీని ఏ అధికారంతో, ఎవరు, ఎవరికి అప్పగించారు? ఆమె వెళ్తానన్నదా? కౌన్సెలింగ్ ఎవరు ఇచ్చారు, ఏ విషయమై ఇచ్చారు? విలేకరి ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని అతనికి ఎవరూ చెప్పనూ లేదు.

అడిగి ఉంటే అసలు వార్త అక్కడే దొరికేది. 2020 ఆగస్టులో మన ఒరిస్సా హైకోర్టే ఇటువంటి కేసును విచారించి, తనను పురుషుడిగా గుర్తించుకున్న వ్యక్తికీ, అతని సహచరికీ కలిసి జీవించే హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు, మదురై నుంచి చెన్నైకి వెళ్ళిన ఇద్దరు యువతుల కేసులో, తప్పిపోయారన్న ఫిర్యాదు వచ్చి విచారించాక వాళ్ళు ఇష్టపూర్వకంగా వెళ్ళిన వయోజనులని తేలితే వాళ్ళ వాంగ్మూలం తీసుకొని, వేధించకుండా ఫిర్యాదును మూసివేయాలని పోలీసులను ఆదేశించింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు దేవూ జి. నాయర్ కేసులో, కుటుంబాల ఒత్తిడిలో ఉన్న ఇటువంటి జంటల పిటిషన్లు వచ్చినప్పుడు కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయరాదని న్యాయస్థానాలకే మార్గదర్శకాలిచ్చింది. న్యాయస్థానమే చేయకూడదన్న పనిని ఠాణాలో చేసి పంపితే, ఆ సంగతిని శుభవార్తలా రాయడం పాత్రికేయ ధర్మానికి సరిపోదు.

మూలం ఒక్కటే కావడం వల్ల ఇలా జరుగుతోంది. మా ప్రాంతంలో విలేకరి దినచర్య ఠాణాతో మొదలవుతుంది, తర్వాత ఆసుపత్రి, ఆపైన సర్కారీ సమావేశాలు. ఎల్జీబీటీఐ మనుషులు ఈ మూడు చోట్లలో మొదటి రెండింటిలోనే, అదీ కష్టకాలంలోనే కనిపిస్తారు. అందుచేత పత్రికలో వాళ్ళు నిందితులుగానో, శవాలుగానో, వింతలుగానో మాత్రమే ఉంటారు. కలిసి చనిపోయిన ఇద్దరమ్మాయిల వార్తలను చూడండి. ఆత్మహత్యల వార్తలను ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలను స్వీకరించింది. సంచలనం చేయరాదనీ, చనిపోయిన విధానాన్ని వర్ణించరాదనీ అవి చెబుతున్నాయి. ఆ రెండూ మన జిల్లా పేజీల్లో ఎంత తరచుగా ఉల్లంఘనకు గురవుతున్నాయో చదివేవారికి నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

రైలు వార్తలు మరొకటి. హౌరా–చెన్నై మార్గంలో బరంపురం నుంచి పలాస వరకు ప్రయాణించేవారికి బోగీలో చేయి చాచే హిజ్రాలు తెలిసినవారే. కొందరు దౌర్జన్యం చేస్తారన్నదీ నిజం. ఒక ప్రయాణికుణ్ణి ఎవరైనా కొడితే అది వార్త అవుతుంది, రాయవలసిందే. ఆ సమూహంలోని మనిషి నేరం చేస్తే దాచిపెట్టమని నేను అడగడం లేదు. కాని ఆ ఒక్క మనిషి చేసిన పనికి శీర్షికలో “హిజ్రాల ఆగడాలు” అని మొత్తం సమూహాన్ని నిలబెడతారు. కిరాణా వ్యాపారి కల్తీ చేస్తే వ్యాపారులందరి మీదా శీర్షిక పెట్టే పత్రికను నేను చూడలేదు. 2011 జనగణనలో స్త్రీ పురుష వర్గాలకు బయట “ఇతరులు”గా ఒడిశాలో నమోదైనవారు 20,332 మంది, దేశం మొత్తం మీద 4,87,803 మంది. చాలామంది అలా నమోదు చేసుకోవడానికి భయపడతారు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటె పెద్దదే అయి ఉండాలి. ఇంతమంది జీవితాలకు పాఠకుడి మనసులో మిగిలేది ఒక రైలు బోగీ మాత్రమే.

ఒక సమూహం మొత్తాన్ని అనుమానించడం తెలుగువారికి చట్టరూపంలోనే సంక్రమించింది. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన శాసనం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు. ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జులైలో. నూరేళ్ళకు పైబడిన ఆ అనుమానం చట్టం నుంచి తొలగిపోయింది గాని, వార్తల శీర్షికల్లో ఇంకా ఉంది.

బరంపురంలో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుకొనే ఒక ట్రాన్స్ స్త్రీ (మగబిడ్డగా పుట్టినా తనను స్త్రీగా గుర్తించుకున్న మనిషి) నాకు చాలాకాలంగా తెలుసు. తెలుగు మీడియం బడిలో మా సహోపాధ్యాయుడి దగ్గర చదువుకున్నది, నన్నూ మాస్టారూ అనే పిలుస్తుంది. ఆమె ఒకసారి అన్న మాటను ఇక్కడ రాయడానికి అనుమతి తీసుకున్నాను. “మాస్టారూ, స్టేషన్‌లో ఎవరిని పట్టుకున్నా నా అభిప్రాయం అడగడానికి వస్తారు. వాళ్ళెవరో నాకు తెలియదన్నా వినరు. నా గుర్తింపు కాగితం ఆఫీసుల చుట్టూ తిరిగినన్నాళ్ళూ ఒక్కరూ రాలేదు.” 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు దరఖాస్తు అందిన 30 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పాయి. ఒడిశా ప్రభుత్వం అంతకు ముందే, 2017లోనే, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం స్వీకృతి అనే పథకం తెచ్చింది. ఒక జిల్లాలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని గడువు దాటాయి, స్వీకృతి కింద ఎంత ఖర్చయింది అన్నవి ఏ విలేకరైనా ఒక సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోగలడు. రోడ్ల గుంతల మీద, రేషన్ బియ్యం మీద ఇటువంటి వార్తలు మనవాళ్ళు ఎంతో బాగా రాస్తారు. ఆ నైపుణ్యం ఇటువైపు తిరగాలి.

మా బరంపురం గ్రామదేవత పండుగ ఠాకురాణి యాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండేళ్ళకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చినప్పుడు మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కట్టే మగవాళ్ళలో ఆడవేషం వేసేవారూ ఉంటారు. దేవాంగుల వీధుల్లో పుట్టిపెరిగిన పండుగ కాబట్టి మనకు అది ఎంతో సొంతం. పత్రికలు ఆ ఫోటోలను రంగుల్లో వేస్తాయి. మొక్కుకు కట్టిన వేషమూ, మనిషి జెండరూ ఒకటి కావు, వాటిని కలపడం నా ఉద్దేశం కాదు. కాని అదే రోజుల్లో తన దుకాణం ముందు నిలబడ్డ ఆ ట్రాన్స్ స్త్రీని అడగకుండా ఫోటో తీసి, వేషగాళ్ళ ఫోటోల మధ్య వేసినప్పుడు, ఆమె ప్రతిరోజూ ధరించే చీర కూడా వేషమేనని పత్రిక చెప్పినట్టయింది. ఫోటో తీసిన కుర్రవాడికి చెడ్డ ఉద్దేశం లేదని ఆమే అన్నది. అడిగి ఉంటే ఆ ఫోటో ఆ పేజీలో పడేది కాదు.

చెప్పేవాళ్ళు, చెప్పనివాళ్ళు

ఇక్కడ నా వాదనకు బలమైన ఎదురువాదం ఒకటి ఉంది. పేర్లు, ముఖాలు, వీధులు అన్నీ దాచేస్తే ఈ మనుషులు ఉన్నారన్న సంగతే సమాజానికి తెలియకుండా పోదా? కనబడడం వల్లే కదా మార్పు వచ్చింది? ఒడిశా ఆర్థిక సేవల అధికారి ఐశ్వర్య ఋతుపర్ణ ప్రధాన్ తనను తాను ట్రాన్స్ స్త్రీగా బహిరంగంగా ప్రకటించుకోవడం వల్ల ఎంతమందికి ధైర్యం వచ్చిందో లెక్కకట్టలేము. ఈ వాదనను నేను గౌరవిస్తాను. చాలా రోజులు దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు.

సమాధానం నాకు ద్యుతీ చంద్ విషయం తిరిగి చదివినప్పుడు దొరికింది. జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్ చేనేత కుటుంబంలో పుట్టిన ఈ పరుగుల క్రీడాకారిణిని 2014లో శరీరంలోని హార్మోన్ల మోతాదు పేరుతో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఒక యువతి వైద్య పరీక్షల వివరాలు దేశమంతా బహిరంగ చర్చ అయ్యాయి. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015 జులైలో ఆ నిబంధనను నిలుపుదల చేయించింది. 2019 మేలో తనకు ఒక అమ్మాయితో ప్రేమ ఉందని తానే చెప్పింది. అయితే ఆ అమ్మాయి పేరు చెప్పలేదు. తన గురించి చెప్పుకోవడం తన హక్కు, సహచరిని బయటపెట్టడం తన హక్కు కాదు అన్న తేడాను ఆమె అంత ఒత్తిడిలోనూ పాటించింది. మన ఛానళ్ళు మాత్రం ఆ ఊరికి కెమెరాలతో వెళ్ళి, తల్లి కోపాన్నీ అక్క అభ్యంతరాలనూ రోజుల తరబడి చూపించాయి. 2014లో ఆమె ఒప్పుకోలు లేకుండా బయటపడిన సంగతికీ, 2019లో ఆమె స్వయంగా చెప్పిన సంగతికీ ఛానళ్ళ దృష్టిలో తేడా లేకపోయింది. ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. కనబడాలా వద్దా అన్నది ఆ మనిషి తేల్చుకోవలసిన విషయం. ఎంతమేరకు, ఎవరికి కనబడాలన్నది కూడా.

ఎవరికి అన్న ప్రశ్న మా సరిహద్దు జిల్లాల్లో మరీ ముఖ్యం. ఇక్కడి తెలుగువాళ్ళు రెండు లోకాల్లో బతుకుతారు. చదువు, ఉద్యోగం, స్నేహాలు ఒడియాలో సాగుతాయి. అమ్మమ్మ ఊరు, మేనరికాలు, పెళ్ళి సంబంధాలు సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు ఉంటాయి. నాకు తెలిసిన ఒక యువకుడు తాను స్వలింగ ప్రేమికుణ్ణని ఒక ఒడియా వెబ్ పత్రికకు ధైర్యంగా చెప్పుకున్నాడు. ఆఫీసులో స్నేహితులకు అప్పటికే తెలుసు. తల్లికి ఒడియా చదవడం రాదు, ఆమెకు తానే నెమ్మదిగా చెప్పాలనుకున్నాడు. వారం తిరగకుండా ఒక తెలుగు యూట్యూబ్ ఛానల్ ఆ ఇంటర్వ్యూను తెలుగు చేసి, అతని ఫోటోతో ప్రసారం చేసింది. తల్లికి ఆ సంగతి సోంపేట నుంచి ఫోన్‌లో తెలిసింది. ఒక ప్రచురణకు ఇచ్చిన అంగీకారాన్ని ఇంకొకరు ఎత్తుకుపోవడం ఇది. ఎక్కడో బహిరంగంగా ఉన్నదాన్నే వాడుకున్నామని వాళ్ళు అనవచ్చు. కాని మళ్ళీ అడగడానికి ఒక ఫోన్ చాలు. మరో భాషలో, మరో రాష్ట్రపు పాఠకులకు ఇస్తున్నప్పుడు తిరిగి అడగాలన్న నియమం ఇప్పటికి ఏ పత్రికలోనూ నేను చూడలేదు. మా జిల్లాల్లో పనిచేసే విలేకరులకు ఇది మొదటి నియమం కావాలి.

ఒప్పుకోలు లేకుండా కెమెరా లోపలికి వెళితే ఏమవుతుందో మన దేశానికి తెలుసు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు శ్రీనివాస్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి 2010 ఫిబ్రవరిలో కెమెరాతో చొరబడ్డారు. విశ్వవిద్యాలయం ఆయననే సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసిన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, ఆయన తన గదిలో చనిపోయి కనిపించారు. ఆ మరుసటి ఏడాది హైదరాబాదులో టీవీ9 ఛానల్ స్వలింగ ప్రేమికుల పరిచయ వెబ్‌సైట్‌లోని ఫోటోలను, ఫోన్ సంభాషణలను బయటపెడుతూ కార్యక్రమం ప్రసారం చేసింది. వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ దాన్ని గోప్యతలోకి చొరబాటుగా నిర్ధారించి, లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమని ఆదేశించింది. కనీసం అప్పుడు ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంది. ఫోనూ మైకూ పట్టుకొని బస్టాండ్లలో తిరిగే నేటి చిన్న చిన్న ఛానళ్ళు ఆ సంస్థలో సభ్యులు కావు. వాళ్ళ వీడియోల మొదటి బొమ్మ మీద ఎర్రని బాణం గుర్తుతో ఒక ట్రాన్స్ స్త్రీ ముఖం ఉంటుంది. ఆమె ఎందుకు నవ్వుతోందో, ఏ ప్రశ్నకు నవ్విందో వీడియోలో ఉండదు.

ఆసుపత్రి వార్తలను గురించి ఎక్కువ రాయను, చెప్పవలసింది సూటిగా ఉంది కాబట్టి. స్త్రీ అని గాని పురుషుడని గాని వెంటనే చెప్పలేని శరీర లక్షణాలతో పుట్టే ఇంటర్‌సెక్స్ శిశువుల గురించి “వింత శిశువు జననం” అని, తల్లి ఊరితో సహా వార్తలు వస్తున్నాయి. ఇటువంటి శిశువులకు ప్రాణావసరం లేని లింగ నిర్ధారణ శస్త్రచికిత్సలు చేయరాదని మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో చెప్పగా, ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. మన ప్రాంతపు ఆసుపత్రుల్లో ఈ విషయమై ఏ పద్ధతి పాటిస్తున్నారన్నది వార్త. ఏ ఊరి తల్లి కన్నదన్నది వార్త కాదు.

ఎవరి వివరాలు రాయాలి

తెలుగు పత్రికల ఒడిశా పేజీకి చాలాకాలంగా రాస్తున్న ఒక కంట్రిబ్యూటర్‌తో ఈ విషయమంతా మాట్లాడాను. నిజాయితీపరుడు, నాకంటె చాలా చిన్నవాడు. అతని కష్టాలు నాకు తెలియనివి కావు. అచ్చయిన వార్తను బట్టి డబ్బు వస్తుంది, అదీ ఆలస్యంగా. ఏటా ప్రకటనల లక్ష్యం మెడమీద ఉంటుంది. ఎవరైనా కేసు పెడితే పత్రిక వెనక నిలుస్తుందన్న హామీ లేదు. “వీధి పేరు లేకపోతే డెస్కు నమ్మదు మాస్టారూ, ఠాణాకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చొని రాశానంటారు” అన్నాడు. ఆ తర్వాత అతను లేవనెత్తిన ప్రశ్న దీనికంటె బరువైనది. “ఆ అమ్మాయిలను నేను అడిగితే, దండం పెట్టి రాయవద్దంటారు. నేను రాయకపోతే, ఇద్దరు మేజర్లను బలవంతంగా ఇళ్ళకు పంపిన సంగతి ఎవరికీ తెలియదు. అప్పుడు లాభం ఎవరికి?”

ఈ ప్రశ్న చాలా రోజులు నన్ను వెంటాడింది. అతను చెప్పినది నిజం. గోప్యత పేరుతో మౌనం పాటిస్తే ఆ మౌనం బలవంతులకే ఉపయోగపడుతుంది. దీనికి నాకు తోచిన మార్గం, వార్తలో గుర్తుపట్టే వివరాలను ఒకవైపు నుంచి తీసి మరోవైపు పెట్టడం. ఇద్దరు యువతుల ఊరు, వీధి, తండ్రి పని, నిశ్చితార్థం అన్నీ తీసేయాలి. ఏ ఠాణా, ఏ హోదా గల అధికారి, ఏ తేదీన, ఏ సెక్షన్ కింద అప్పగించారు, వాళ్ళ వాంగ్మూలం రాసుకున్నారా, ఎవరి కౌన్సెలింగ్, హైకోర్టు తీర్పు గురించి అడిగితే అధికారి ఏమన్నారు అన్నవి పూర్తిగా రాయాలి. అప్పుడు డెస్కు అడిగే ఆధారాలన్నీ వార్తలో ఉంటాయి, ఠాణాకు వెళ్ళలేదని ఎవరూ అనలేరు. ఇప్పుడు మన జిల్లా పేజీల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. బలహీనుల వివరాలు ఇంటి గుమ్మం దాకా ఉంటాయి, అధికారి మాత్రం “పోలీసులు” అన్న బహువచనంలో ఉండిపోతాడు.

ఇది ప్రతిసారీ కుదరదని నాకు తెలుసు. ఠాణా పేరు రాస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఊహించుకోవచ్చు. మల్కన్‌గిరి వంటి చోట్ల ఒక ఠాణా కింద ఉండే ఊళ్ళే తక్కువ. అటువంటప్పుడు కొన్ని వారాలు ఆగి, ఒక్క సంఘటనగా కాక జిల్లాలో ఇటువంటి ఫిర్యాదుల్లో ఏం జరుగుతోందన్న కథనంగా రాయవచ్చు. వేడి చల్లారిన వార్తకు జిల్లా పేజీలో చోటు దొరకదని కంట్రిబ్యూటర్ అన్నాడు. ఆదివారం పేజీల్లో దొరకాలి, దానికి సంపాదకులు ముందుకు రావాలి. ఈ భారాన్ని అచ్చుకు ఇంతని తీసుకొనే మనిషి మీద మోపడం న్యాయం కాదు. ఠాణాలో అడగవలసిన ప్రశ్నలను ఒక పేజీలో రాసి, సంబంధిత తీర్పుల సారాంశంతో ప్రతి కంట్రిబ్యూటర్ చేతికీ ఇవ్వడం పత్రికలకు ఖర్చులేని పని. వీధి పేరు ఎందుకు లేదని అడగడం మానేసి, అధికారి హోదా ఎందుకు లేదని డెస్కు అడగడం మొదలుపెడితే కిందివాళ్ళు తమంత తామే మారతారు.

చివరగా పాత వార్తల సంగతి. కాగితపు పత్రిక మరునాటికి పొట్లం అయిపోయేది. ఇప్పుడు ఆ పేజీ వెబ్‌సైట్‌లో ఉండిపోతుంది, ఊరి పేరు కొట్టి వెతికితే ఏళ్ళ తర్వాత కూడా పైకి వస్తుంది. ఒక వ్యక్తికి తన గురించిన సమాచారం తెరమరుగయ్యే హక్కు ఉండాలన్న విషయాన్ని 2020 నవంబరులో ఒరిస్సా హైకోర్టు వేరొక కేసు సందర్భంలో గట్టిగా ప్రస్తావించింది. లైంగికత కారణంగా వార్తలోకి వచ్చినవారు ఎప్పుడైనా తమ వివరాలు తీసేయమని అడగడానికి వీలుండాలి. అలాంటి అభ్యర్థనను ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళలో జవాబిస్తారు అన్నది జిల్లా పేజీలో ప్రకటనల విభాగం ఫోన్ నంబరు పక్కన తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేయాలని మా ప్రాంతానికి వచ్చే పత్రికల సంపాదకులకు ఉత్తరాలు రాశాను. ఒక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ఆన్‌లైన్ విభాగం హైదరాబాదులో ఉందనీ, జిల్లా పేజీల మీద తమకు, వెబ్‌సైట్ మీద వాళ్ళకు అధికారం ఉందనీ, రెండింటికీ కలిపి బాధ్యులు ఎవరూ లేరనీ మర్యాదగా తెలియజేశారు. ఈ వ్యాసాన్ని ఆ రెండు విభాగాలకూ కలిపి పంపుతున్నాను. ఎవరి నుంచి ఏ జవాబు వచ్చినా, పంపినవారి అనుమతి తీసుకొని ఇక్కడే ప్రచురిస్తాను.